మావయ్య షాపులో ఎక్స్‌పీ ఇంకా ఎందుకు ఉంది?

(తెర మీద: పర్లాకిమిడి బజారులో చిన్న డీటీపీ షాపు. లోపల మానిటర్ మీద పచ్చటి కొండ, నీలాకాశం.)

నమస్తే అండీ. ఈ కొండ బొమ్మ గుర్తుపట్టారా? విండోస్ ఎక్స్‌పీ, కంప్యూటర్‌ని నడిపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్. 2001లో వచ్చింది. 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ దీనికి అప్‌డేట్లు ఆపేసింది. మా మావయ్య షాపులో మాత్రం రోజూ పొద్దున్న తొమ్మిదింటికి ఆన్ అవుతుంది. పెళ్ళిళ్ళ సీజన్‌లో రాత్రి పదకొండైనా ఆగదు.

"ఇంకా ఈ పాత డబ్బా ఎందుకండీ?" అని వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. డబ్బులు ఖర్చుపెట్టడం ఇష్టం లేక అనుకుంటారు. అసలు కారణం అక్షరాలు.

(తెర మీద: పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు శుభలేఖ, పక్కన ఒడియా కరపత్రం.)

మాది ఒడిశా, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్ర. శుభలేఖ తెలుగులో కావాలి, ఆఫీసు అర్జీ ఒడియాలో కావాలి. తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి. ఈ పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో మన అక్షరాల ముక్కల్ని కూర్చోబెడతాయి. మనకి తెర మీద "శ్రీరస్తు" కనిపిస్తుంది గానీ, కంప్యూటర్ దృష్టిలో అది ఇంగ్లిష్ అక్షరాల గుంపు. ఫాంట్ లేని చోట తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలే. అందుకే ఫైలు, ఫాంటు, పేజ్‌మేకరు, ఎక్స్‌పీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండిపోయాయి. పేజ్‌మేకర్ 7 కూడా 2001 నాటిదే, ఆ తర్వాత 8 రాలేదు. ఇరవై ఏళ్ళ శుభలేఖలు, దశదినకర్మ కార్డులు, గుడి ఉత్సవాల కరపత్రాలు అందులోనే ఉన్నాయి. వాటిని వదిలెయ్యమని మావయ్యకి చెప్పే మనసు నాకు లేదు.

మరి భయం దేనికి? కొత్త విండోస్‌కి అప్‌డేట్ రాగానే, దాన్ని విప్పి చూసినవాడికి ఏ కన్నం (అంటే వైరస్ దూరే లోపం) పూడ్చారో తెలిసిపోతుంది. అదే కన్నం పాతదాంట్లోనూ ఉంటే అక్కడ పూడ్చే నాథుడు లేడు. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ 150కి పైగా దేశాల్లో ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగింది. ఆ కన్నానికి అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం ఆ అప్‌డేట్ వేసుకోని విండోస్ 7 సిస్టమ్‌లే. పరిస్థితి ఎంత ముదిరిందంటే, మూడేళ్ళ క్రితం వదిలేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా అప్‌డేట్ ఇచ్చింది.

మాకు దెబ్బ నెట్ నుంచి కాదు, పెన్‌డ్రైవ్ నుంచి తగిలింది. ఎవరో ఫొటో ప్రింటు కోసం తెచ్చారు. సాయంత్రానికి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి. మర్నాడే ఇవ్వాల్సిన శుభలేఖలు మూడు. మావయ్య ముఖం చూడలేకపోయాను. నిజానికి ఫైళ్ళు పోలేదు, వైరస్ వాటిని దాచేసిందంతే. అది తెలిసేసరికి రాత్రి రెండైంది. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

(తెర మీద: సిస్టమ్ వెనక నుంచి నెట్ కేబుల్ పీకుతున్న చేయి.)

మర్నాడు చేసిన మొదటి పని ఇది. ఎక్స్‌పీకి నెట్ లేదు, ఇక ఉండదు. పెన్‌డ్రైవ్ ఏదొచ్చినా ముందు విండోస్ బదులు లినక్స్ మింట్ వేసిన పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి చూస్తాం. కావలసిన ఫైలు ఒక్కటే మా సొంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఎక్స్‌పీకి ఇస్తాం. డబ్బు పంపడం, ఆధార్ పనులు, పాస్‌వర్డ్ అడిగేవన్నీ కొత్త సిస్టమ్‌లోనే. ప్రతి శనివారం ఫైళ్ళన్నీ విడి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని ఊడదీసి బీరువాలో పెడతాం. తగిలించే ఉంచితే వైరస్ దాన్నీ వదలదు.

మీది విండోస్ 7 అయితే, దాని అప్‌డేట్లు 2020 జనవరి 14న ఆగాయి. 2023 నుంచి కొత్త క్రోమ్ కూడా దాని మీద ఎక్కదు. విండోస్ 10 వంతు 2025 అక్టోబరు 14న వచ్చింది. ఇంట్లో వాడుకునేవాళ్ళు పేరు నమోదు చేసుకుంటే మరో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. చేసుకోండి, బద్ధకించకండి.

అసలు ముడి విప్పాలంటే మాత్రం యూనికోడ్‌లోకి, అంటే మన అక్షరాలకి సొంత గదులుండే పద్ధతిలోకి, రావాలి. మల్లన్న, మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. పాత అను మేటర్‌ని మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, ఒత్తుల దగ్గర తప్పులొస్తాయి, పక్కన కూర్చుని ప్రూఫ్ చూడాలి. మేం రోజుకి రెండు ఫైళ్ళు మారుస్తున్నాం.

(తెర మీద: బల్ల మీద ఒకే శుభలేఖ రెండు ప్రింట్లు.)

ఎడమది అను, కుడిది యూనికోడ్. "శ్రీ" వంపు ఎడమదాంట్లోనే బాగుందని మావయ్య అంటున్నారు. నిజమే, బాగుంది. కుడిదాన్ని మాత్రం పెళ్ళికూతురి నాన్నగారు ఫోన్‌లోనే చదివి, ముహూర్తం టైము తప్పు పడిందని మెసేజ్ పెట్టారు. ఇంకా ప్రింటుకి వెళ్ళలేదు.