హౌసింగ్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారు? డీజిల్ పికప్‌లో హౌసింగ్, ఇంజన్ ఆయిళ్లు రెండూ మార్చాక నా రివ్యూ

నమస్కారమండి. మీరు చూస్తున్నది నా బొలెరో పికప్ వెనక ఇరుసు. దాని మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్నదే హౌసింగ్; ఇంజన్ శక్తిని చక్రాలకు మళ్లించే క్రౌన్, పినియన్ అనే పళ్లచక్రాలు అందులోనే ఉంటాయి. కింద పెట్టిన తొట్టిలో పడుతున్న ఆయిల్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. తారులా నల్లగా ఉంది. తొట్టిని కాస్త ఎండ వైపు తిప్పితే వెండి పొడి కలిపినట్టు మెరుస్తోంది. ఆ మెరుపు ఇనుముది. క్రౌన్, పినియన్ పళ్లు అరిగి రాలిన పొడి అది.

బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మూడేళ్లుగా ఇంజన్ ఆయిల్ ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. హౌసింగ్ ఆయిల్ సంగతి మెకానిక్‌ను అడిగిన ప్రతిసారీ ‘చూశాం, బాగానే ఉంది’ అనే జవాబు వచ్చేది. ఈసారి నేనే బండి కింద దూరాను. హౌసింగ్ పైబోల్టు మీద మట్టి రాయిలా గట్టిపడి ఉంది. ఎన్నాళ్లుగానో అక్కడ ఎవరూ పానా పెట్టలేదని ఆ మట్టే చెప్పింది. నాకు నిజంగా బాధ వేసింది, ఎందుకంటే నా బతుకంతా ఆ ఇరుసు మీదే నడుస్తోంది.

మదనపల్లె నుంచి చెన్నైకి టమాటా తోలుతాను. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగాలి. నిండు లోడుతో గేరులో ఉంచి, ఇంజన్‌తో బండిని పట్టి దింపుతాం కదా, అప్పుడు క్రౌన్ పళ్ల మీద భారం వెనక వైపు నుంచి పడుతుంది. తిరుగు ప్రయాణంలో ఖాళీ క్రేట్లతో ఎక్కేటప్పుడు ముందు వైపు నుంచి పడుతుంది. రెండు వైపులా నలిగే పళ్లను కాపాడేది ఆ కాస్త ఆయిలే.

ఇక్కడ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి. ఇంజన్‌లో పంపు ఉంది, ఫిల్టర్ ఉంది. హౌసింగ్‌లో రెండూ లేవు. క్రౌన్ చక్రం తిరుగుతూ అడుగున మునిగి, ఆయిల్‌ను పైకి చిమ్ముకుంటుంది, అంతే. రాలిన ఇనుప పొడి ఎక్కడికీ పోదు. మనం విప్పి తీసేదాకా అదే ఆయిల్‌లో తిరుగుతూ బేరింగులను, పళ్లను గరుకు కాగితంలా రాస్తూ ఉంటుంది.

ఇక పని దగ్గరకు వద్దాం. ముందు ఒక పది కిలోమీటర్లు నడిపి రండి. నిలబెట్టి ఇంజన్ ఆన్ చేసి ఉంచితే ఇంజన్ ఆయిల్ వేడెక్కుతుంది కానీ హౌసింగ్ ఆయిల్ వేడెక్కదు. చక్రం తిరిగితేనే అది పలచబడి పూర్తిగా దిగుతుంది. బండి సమతలం మీద ఉండాలి, చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి వెళ్లొద్దు, దయచేసి.

మొదట విప్పాల్సింది కింది బోల్టు కాదు, పైబోల్టు. ఆయిల్ పోసేది అక్కడే. కింది నుంచి ఆయిల్ అంతా వదిలేశాక పైబోల్టు తుప్పుపట్టి రాకపోతే, బండి కదలక అక్కడే ఆగిపోతుంది. నా బోల్టుకు తుప్పు వదిలే ఆయిల్ కొట్టి అరగంట ఆగాల్సి వచ్చింది. తొందరపడి పానా జార్చి మూలలు అరగదీసుకోకండి.

కింది బోల్టుకు మాగ్నెట్ ఉంటే దాన్ని తుడిచేముందు వేలితో రాసి చూడండి. బూడిద రంగులో మెత్తటి ముద్దలా ఉంటే అది మామూలు అరుగుదలే. గోరుకు గుచ్చుకునే ముక్కలు దొరికితే మాత్రం పన్ను విరిగిందనో, బేరింగు పోతోందనో అర్థం. కొత్త ఆయిల్ దాన్ని బాగుచేయదు. ఆయిల్ పాల రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. నాకు ముద్దే దొరికింది, ముక్కలు లేవు. ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు ఆయిల్ ఎంపిక. హౌసింగ్‌లో నేను పోసిన గేరు ఆయిల్ చిక్కదనం నంబరు 80డబ్ల్యూ-90, పళ్లను కాపాడే స్థాయి జీఎల్-5. ఈ రకం క్రౌన్, పినియన్‌లో పళ్లు దొర్లడమే కాదు, ఒకదాని మీద ఒకటి జారతాయి. ఆ జారుడులో ఆయిల్ పొర తెగిపోకుండా గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు కలుపుతారు. మూత తీయగానే వచ్చే ఘాటు వాసన ఆ గంధకానిదే. అదే ఆయిల్ మిగిలింది కదా అని గేరుబాక్సులో పోయకండి. జీఎల్-4 అడిగే గేరుబాక్సుల్లో ఇత్తడి రింగులను జీఎల్-5 తినేసే ప్రమాదం ఉంది. మరొక అపోహ: 90 అంటే ఇంజన్ ఆయిల్ 40కి రెట్టింపు చిక్కన అనుకుంటారు. కాదు, ఆ రెండింటి కొలమానాలు వేరు. వేడెక్కాక 90 నంబరు గేరు ఆయిల్ ఇంచుమించు 40, 50 నంబరు ఇంజన్ ఆయిల్ అంత చిక్కదనంలోనే ఉంటుంది.

పోయడానికి చేతిపంపు కొన్నాను. దీనికి నా పూర్తి మార్కులు. ఇరుసు పక్కన గరాటు పెట్టే చోటే లేదు. అయితే చల్లగా ఉన్న ఆయిల్‌ను లాగడానికి పంపు మొండికేస్తుంది. డబ్బాను ఒక అరగంట ఎండలో ఉంచాక హాయిగా ఎక్కింది. ఆయిల్ పైరంధ్రం అంచు దాకా వచ్చి సన్నగా కారడం మొదలైతే చాలు, బోల్టు బిగించేయండి.

ఇంజన్ వైపు పని మీలో చాలామందికి తెలిసిందే కాబట్టి త్వరగా చెబుతాను. ఇంజన్ అడుగున ఆయిల్ వదిలే ఛాంబర్ బోల్టుకు కొత్త వాషర్ వేయండి. ఫిల్టర్ రబ్బరు రింగుకు కొంచెం ఆయిల్ రాసి చేత్తోనే బిగించండి. నాది బీఎస్4 కాలుష్య ప్రమాణం బండి, చిక్కదనం 15డబ్ల్యూ-40, నాణ్యత స్థాయి సీఐ-4 ప్లస్ ఉన్న ఆయిల్ పోశాను. డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, ఉన్న బీఎస్6 బండికి ఇది పనికిరాదు, తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే కావాలి. మీ బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయండి. గేజిలో పైగీత దాటించొద్దు. వందల కిలోమీటర్లకే ఆయిల్ నల్లబడిందని కంగారు పడొద్దు. మసిని కడిగి తనలో పట్టి ఉంచడమే డీజిల్ ఇంజన్ ఆయిల్ చేయాల్సిన పని. తీసిన ఆయిల్‌ను కాలువలో వదలకండి. నేను డబ్బాల్లో పోసి, పాత ఆయిల్ శుద్ధి చేసేవాళ్లకు పంపే దుకాణంలో ఇచ్చాను.

రెండు ట్రిప్పులు తిరిగాను. మైలేజీ పెరిగిందా అంటే నాకు తేడా కనిపించలేదు. వేగం అరవై దాటాక ఇరుసు నుంచి వచ్చే సన్నటి రొద కొంచెం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అరిగిన ఇనుము ఆయిల్‌తో తిరిగి రాదు. ఆయిల్ మారిస్తే బండి కొత్తదైపోతుందని నేను చెప్పను. ఇక ముందు జరిగే అరుగుదల తగ్గుతుంది, ఆ మాట మాత్రం ధైర్యంగా చెబుతాను.

ఇంకొకటి. ఇరుసు మీద చిన్న గాలి రంధ్రం ఉంటుంది. నా బండికి అది మట్టితో మూసుకుపోయింది. లోపలి గాలి వేడెక్కి బయటికి దారి లేకపోతే, చక్రాల దగ్గర ఆయిల్‌ను ఆపే సీళ్ల గుండా ఆయిల్‌ను తోస్తుంది. సీలు దాటిన ఆయిల్ బ్రేక్ షూల మీదికి చేరుతుంది. అందుకే రంధ్రం శుభ్రం చేసి, నిన్న రాత్రి ఇరుసు పొడవునా అట్ట పరిచి బండి నిలిపాను. ఇదిగో ఆ అట్ట. మధ్యలో పొడిగా ఉంది, కుడి చక్రం కింద ఏమీ లేదు. ఎడమ చక్రం దగ్గర మాత్రం రూపాయి బిళ్లంత మరక ఉంది, వాసన చూశాను, గంధకమే. రేపటి లోడు వేరే బండికి అప్పగించాను. ఆ చక్రం బ్రేక్ డ్రమ్ము విప్పి, సీలు మార్చి, షూలు చూశాకే ఈ బండి ఘాట్ దిగుతుంది.