ఇంకో పేరుందక్కా

శ్రోతలకు నమస్కారం. రామ్ రామ్.

ఫోన్-ఇన్ కార్యక్రమంలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు అన్న మాట ఏదో చెప్పనా? "ముందు మీ రేడియో వాల్యూమ్ తగ్గించండి." ఫోన్ చేసేవాళ్లు రేడియోను పక్కనే పెట్టుకుంటారు. వాళ్ల గొంతే రేడియోలోంచి మళ్లీ ఫోన్‌లోకి దూరి కీచుమంటుంది. తగ్గించమంటే తగ్గిస్తారు గానీ పూర్తిగా కట్టేయరు. తమ పేరు రేడియోలో ఎలా వస్తోందో వినాలి కదా! ఆ ఆరాటం నాకు అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది.

నేను ఆదిలాబాద్ జిల్లాలో రేడియో అనౌన్సర్‌ని. ఉదయం డ్యూటీ ఉన్నరోజు తెల్లవారుజామున 4 గంటలకే లేస్తాను. జనవరిలో మా వైపు చలి సంగతి మీకు తెలిసిందే. 5 డిగ్రీల కిందికి పడిపోయిన రోజులున్నాయి. గొంతు పెగలదు. గోరువెచ్చని నీళ్లు తాగి, వంటింట్లో నిలబడి పాత పేపరేదో గట్టిగా చదువుతాను. చల్లటి గొంతుతో మైకు ముందు కూచుంటే మొదటి మాటే గరగరమంటుంది. నిద్ర లేస్తూనే మన గొంతు వినేవాళ్లకు అలా వినిపించకూడదు.

స్టూడియోకి వెళ్లగానే క్యూ షీటు చూసుకోవాలి. ఏ నిమిషానికి ఏది వెళ్లాలో అందులో ఉంటుంది. సిగ్నేచర్ ట్యూన్, వందేమాతరం, మంగళధ్వని, భక్తి పాటలు, రైతులకు సూచనలు, వార్తలు. ఇదివరకు స్పూల్ టేపులు ఎక్కించేవాళ్లం, ఇప్పుడు అన్నీ కంప్యూటర్‌లోనే. టెన్షన్ మాత్రం తగ్గలేదు. వార్తలు వేరేచోటి నుంచి వస్తాయి, మనకోసం ఆగవు. ఆ సెకనుకు మన పాట ముగిసి, మన మాట ముగిసి, ఫేడర్, అంటే శబ్దాన్ని పెంచి తగ్గించే మీట, పైకి జరగాలి. ఎర్ర లైటు వెలిగాక కాగితం చప్పుడు చేయకుండా పేజీ తిప్పడం కూడా ఒక విద్యే. ఏదైనా తేడా వచ్చి నాలుగైదు సెకన్లు నిశ్శబ్దం అయితే, వినేవాళ్లు రేడియో పాడైందేమోనని తట్టి చూసుకుంటారు. ఆ నాలుగు సెకన్లు నాకు నాలుగు గంటలంత.

ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేస్తాయి. నాకు కష్టమైన పని వేరే ఉంది. పేర్లు చదవడం.

చేరిన మొదటి ఏడాది ఒక ఉత్తరం చదువుతూ 'సిడాం' అనే ఇంటిపేరును 'సీతం' అని చదివేశాను. చేతిరాత సరిగ్గా లేదు, నేనూ ముందుగా చూసుకోలేదు. వారం తర్వాత ఆ ఉత్తరం రాసినాయన సంతకు వచ్చి, పనిగట్టుకుని స్టూడియో గేటు దాకా వచ్చాడు. కోపంగా లేడు. "మా ఊళ్లో అందరం కూసోని విన్నం. మీరు వేరేవాళ్ల పేరు చదివిన్రని మావాళ్లు అంటున్నరు" అన్నాడు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

గోండుల్లో ఇంటిపేరంటే పిలుచుకోవడానికి పెట్టుకున్న మాట మాత్రమే కాదని అప్పటికి నాకు తెలియదు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు, అంటే వంశాల గుంపులు, ఉంటాయి. ఇంటిపేరు వింటే చాలు, ఆ మనిషి ఏ సగకు చెందినవాడో, ఎవరింటి పిల్లను చేసుకోవచ్చో, ఎవరు అన్నదమ్ములవుతారో చెప్పేస్తారు. నేనొక అక్షరం మారిస్తే ఆ మనిషికి చుట్టాలనే మార్చేసినట్టు.

ఆ రోజే ఒక నోట్‌బుక్ కొన్నాను. ఆత్రం, మడావి, పెందూర్, తొడసం, మెస్రం, కొడప. ఒక్కొక్కటీ ఆ ఇంటివాళ్ల చేతే పలికించుకుని రాసుకున్నాను. తర్వాత ఊళ్లు. జైనథ్‌లో 'థ' ఒత్తి పలకాలి. బజార్‌హత్నూర్, గుడిహత్నూర్ వేరువేరు ఊళ్లు, తొందరలో కలిపేయకూడదు. 1940లో జోడేఘాట్‌లో నిజాం బలగాల చేతిలో అమరుడైన వీరుడి పేరు ఎన్నో చోట్ల 'కొమరం భీం' అని కనిపిస్తుంది. ఇక్కడివాళ్లు 'కుమ్రం' అంటారు. ఆయన పేరు పెట్టిన జిల్లాను 'కుమురం భీం' అని రాస్తున్నారు. మొదట్లో ఏది చదవాలో తెలియక తడబడేదాన్ని. ఇప్పుడు ఆ వంశంవాళ్లు పలికినట్టే పలుకుతాను. వాళ్ల ఇంటిపేరు విషయంలో వాళ్లమాటే చెల్లాలి.

మెస్రం వంశంవాళ్లు కొలిచే నాగదేవత నాగోబా జాతర రికార్డింగ్‌కి ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ వెళ్లినప్పుడు భేటింగ్ చూశాను. మెస్రం వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను పెద్దవాళ్లు నాగోబాకు పరిచయం చేస్తారు. తెల్లచీరల్లో, ముఖం కనిపించకుండా ముసుగులు వేసుకుని వరసగా వచ్చారు. ఆ పరిచయం అయ్యాకే వంశంలో కలిసినట్టు లెక్క. రికార్డర్ పట్టుకుని పక్కన నిలబడ్డాను. గేటు దగ్గరికి వచ్చిన ఆ పెద్దమనిషే గుర్తొచ్చాడు.

ఇక ఫోన్ల సంగతి. "ఎవరెవరి కోసం పాట?" అని అడిగితే చాలు, మా శ్రోతలు మొదలుపెడతారు. ఇంట్లోవాళ్లు, బావ, బావ పిల్లలు, పక్కింటివాళ్లు, పత్తి ఏరడానికి వచ్చిన కూలీలు. ఎవరినీ వదలరు. నాకేమో ఒక్కో ఫోనుకు ఒకటిన్నర నిమిషమే. ఒకసారి ఉట్నూర్ వైపు నుంచి ఒకామె చేసింది. పన్నెండు పేర్లు చెప్పింది. గడియారం ముల్లు వార్తల దగ్గరికి వచ్చేస్తోంది. "ఇంకో పేరుందక్కా" అంది. "సమయం లేదమ్మా, పాట విందాం" అని ఫేడర్ దించేశాను. టైముకు వార్తలు అందుకున్నాను. లాగ్ బుక్కులో అంతా సక్రమంగా జరిగిందని రాసి సంతకం చేశాను. ఇంటికి వెళ్తుంటే బస్సులో ఆమె గొంతే చెవిలో తిరిగింది.

నెల దాటాక ఆమె మళ్లీ చేసింది. గొంతు వెంటనే గుర్తుపట్టాను. ఈసారి వాల్యూమ్ తగ్గించమని నేను చెప్పకముందే తగ్గించింది. "అమ్మా, ఆ రోజు ఒక పేరు మిగిలిపోయింది. ముందు అది చెప్పు" అన్నాను.

కాసేపు మాట రాలేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను నింపలేదు. తర్వాత వాళ్లమ్మ పేరు చెప్పింది. నాగోబా పేరు కలిసిన గోండి పేరు, నేను అంతకుముందు వినలేదు. మళ్లీ చెప్పమన్నాను. చెప్పింది. దీర్ఘం ఎక్కడుందో అడిగి, నోట్‌బుక్కులో రాసుకుని, ఆ పేరు చదివి పాట వేశాను.