కంపెనీ లెక్క, భూమి లెక్క

మిత్రులారా, కంపెనీల్లో సుస్థిరత విభాగాలు, అంటే పర్యావరణానికి జరిగే హానిని తగ్గించే విభాగాలు నడిపేవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. మీ పనిని తక్కువ చేయడానికి నేను రాలేదు. ఆ పని ఎంతవరకు వెళ్లగలదో, ఎక్కడ ఆగిపోతుందో మాట్లాడుకుందాం.

ఒక ఫ్యాక్టరీ ఒక్కో వస్తువు తయారీలో వెలువడే కార్బన్‌ను 20 శాతం తగ్గించిందనుకోండి. కష్టపడి సాధించిన ఫలితమే, కాదనను. అదే కాలంలో ఉత్పత్తి 50 శాతం పెరిగింది. అప్పుడు మొత్తం ఉద్గారాలు తగ్గకపోగా 20 శాతం పెరుగుతాయి. వార్షిక నివేదిక తగ్గుదల గురించే చెబుతుంది. గాలిలో కలిసేది మాత్రం మొత్తం. బొగ్గును పొదుపుగా వాడే యంత్రాలు వస్తే బొగ్గు వాడకం ఇంకా పెరుగుతుందని ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే హెచ్చరించాడు.

చిత్తశుద్ధి లేకే ఇలా జరుగుతోందని నేను అనుకోను. 2030 నాటికి విడుదల చేసేదానికన్నా ఎక్కువ కార్బన్‌ను తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ 2020లో ప్రకటించింది. డబ్బు, నైపుణ్యం, నిపుణులు, ఏదీ తక్కువ లేదు. అయినా 2020తో పోలిస్తే ఉద్గారాలు దాదాపు 29 శాతం పెరిగాయని 2024 నివేదికలో తనే చెప్పింది. ప్రధాన కారణం కొత్త డేటా సెంటర్లు, వాటికి కావలసిన ఉక్కు, సిమెంటు, చిప్‌లు. అంటే వ్యాపార విస్తరణే. ఆ విస్తరణ జరగాలా వద్దా అని తేల్చేది బోర్డు. సుస్థిరత విభాగం మేనేజర్ చేతికి వచ్చేది, నిర్ణయం అయిపోయాక మిగిలిన సర్దుబాటు.

ఇక సర్టిఫికెట్లు. కంపెనీల పర్యావరణ నిర్వహణ కోసం 1996లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 14001. అది పద్ధతి ఉందా, లక్ష్యాలు పెట్టుకున్నారా, ఆడిట్ చేస్తున్నారా అని అడుగుతుంది. కాలుష్యం ఇంతకు మించకూడదని మాత్రం చెప్పదు. ఆ హద్దు గీయడం దాని పని కాదు, చట్టం పని.

ఓజోన్ పొరను కాపాడింది కూడా అలాంటి హద్దే. 1987 మాంట్రియల్ ఒప్పందం ఆ పొరను దెబ్బతీసే సీఎఫ్‌సీ రసాయనాల ఉత్పత్తిని దేశాలవారీగా, గడువులు పెట్టి ఆపించింది. పోటీదారులందరికీ ఒకే నియమం కాబట్టి ప్రత్యామ్నాయాల కోసం పెట్టుబడి పెట్టిన కంపెనీ నష్టపోలేదు. కార్బన్ విషయంలో అలాంటి కచ్చితమైన హద్దు అందరికీ ఇంకా లేదు. అది లేనంతకాలం ముందుకొచ్చిన కంపెనీకి ఖర్చు, వెనకుండిపోయిన కంపెనీకి లాభం.

అందుకే మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. ఉద్గారాలకు హద్దు పెట్టే చట్టం చర్చకు వచ్చినప్పుడు మీ కంపెనీ, అది చందా కట్టే పరిశ్రమ సంఘం ఏ పక్షాన నిలిచాయో తెలుసుకోండి. వచ్చే ఏడాది నివేదికలో, ఉద్గారాల పట్టిక పక్కనే ఆ వివరం కూడా అచ్చు వేయండి.