కింది ఇంటి డబ్బా

నమస్కారం. నేనుండేది దక్షిణ కొరియాలోని డేజోన్ నగరంలో. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మావారి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడ మూడో ఏడు నడుస్తోంది. ఈ రోజు మీకు మా కింది ఫ్లోర్ మామ్మగారి గురించి, ఆవిడకీ నాకూ మధ్య ఇన్నాళ్లుగా తిరుగుతున్న ఒక ప్లాస్టిక్ డబ్బా గురించి చెప్పాలనిపించింది.

కొరియన్‌లో మామ్మని హల్మోని అంటారు. పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవడం ఇక్కడా మర్యాద కాదు, అందుకే ఆవిడ నాకు హల్మోని. వచ్చిన కొత్తలో ఒక రోజు పచ్చడికి ఎండుమిరపకాయలు వేయించాను. చలికాలం, కిటికీలన్నీ వేసే ఉన్నాయి, ఆ ఘాటు మెట్ల దాకా పాకి పక్కవాళ్లు దగ్గుకుంటూ బయటికొచ్చారు, ఒకాయన నన్ను గట్టిగా ఏదో అన్నాడు కూడా. భాష రాదు, టెన్షన్‌తో చేతులు వణికాయి, ఏడుపొచ్చేసింది. అప్పుడు హల్మోని పైకొచ్చి మూకుడులోకి చూసి, కిటికీ తీసి, అన్నం తిన్నావా అని అడిగింది. ఆ ఒక్క ముక్కే నాకు అర్థమైంది, ఎందుకంటే ఇక్కడ అదే పలకరింపు, మనం భోంచేశారా అని అడిగినట్టే. సాయంత్రం ఒక డబ్బాలో ముల్లంగి కిమ్చి, అంటే ఉప్పూ కారం పట్టించి ఊరబెట్టే వీళ్ల పచ్చడి, పట్టుకొచ్చి ఇచ్చింది.

పొరుగింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మా అమ్మ చెప్పేది, ఏమీ లేకపోతే కాస్త పంచదారైనా వేసి ఇచ్చేది. నేను పెసరట్లు వేసి ఇచ్చాను. ఆవిడ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని 'బిందెత్తొక్!' అంది. వాళ్లూ పెసరపప్పు నానబెట్టి రుబ్బి అట్టు వేస్తారు, కాకపోతే మందంగా, కిమ్చి, మాంసం కలిపి, నూనెలో బాగా కాలుస్తారు. తర్వాత సియోల్‌లోని గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌కి వెళ్తే అక్కడ దుకాణాల ముందే తిరగళ్లు తిరుగుతున్నాయి, పచ్చగా పిండి కారుతోంది, చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

చెత్త సంగతీ ఆవిడే నేర్పింది. ఇక్కడ తిండి చెత్తని విడిగా వెయ్యాలి. మా అపార్ట్‌మెంట్‌లో కార్డు పెడితే డబ్బా మూత తెరుచుకుని తూకం చూపిస్తుంది, ఆ బరువుని బట్టి డబ్బు కట్టాలి. ఉల్లిపొట్టు, గుడ్డు పెంకులు, ఎముకలు, గట్టి టెంకలు అందులో వెయ్యకూడదు, మామూలు చెత్తలోకే. తూకం కళ్ల ముందే కనపడుతుంటే అన్నం ఎసట్లో పోసే ముందే చెయ్యి ఆగుతుంది, మా ఇంట్లో మిగిలిపోయేది నిజంగా తగ్గింది.

ఇక కిమ్‌జాంగ్. చలి ముదరకముందు, నవంబరు చివర్లో, చలికాలానికి సరిపడా కిమ్చి ఇంటిల్లిపాదీ కలిసి పెట్టుకోవడాన్ని అలా అంటారు. 2013లో యునెస్కో దీన్ని తన వారసత్వ జాబితాలో చేర్చింది. నాకైతే మా ఊళ్లో ఆవకాయ పెట్టే రోజే గుర్తొచ్చింది. పోయినేడు మా అత్తగారు అదే సమయానికి వచ్చారు, హల్మోని ఇద్దరినీ రమ్మంది.

ముందు రోజే పొడుగు క్యాబేజీలు నిలువునా చీల్చి, రేకుల మధ్య కల్లుప్పు చల్లి, రాత్రంతా ఊరబెట్టి, మధ్యలో లేచి తిరగేసి, పొద్దున్నే మూడు నీళ్లు కడిగి వడేసింది. ఆవకాయకి నీటి చుక్క తగలనివ్వం కదా, ఇక్కడ ఉప్పుతో నీరంతా లాగేస్తారు. సన్నగా తరిగిన ముల్లంగి, ఆవాకు, వెల్లుల్లి, అల్లం, ఎర్రటి కారం, జిగురు బియ్యప్పిండి గంజి, అన్నీ పెద్ద బేసిన్‌లో కలిపారు. మామూలుగా ఉప్పులో ఊరబెట్టిన చిన్న రొయ్యలు, చేపల రసం కూడా పడతాయి. మా అత్తగారు శాకాహారి. హల్మోని మమ్మల్ని పిలిచే ముందే మా కోసం రెండు క్యాబేజీలకి సరిపడా కారం అవి లేకుండా విడిగా కలిపి ఉంచింది. ఇక్కడి బౌద్ధాలయాల్లో అలాగే చేస్తారు, వాళ్లు వెల్లుల్లి కూడా వెయ్యరు, మా అత్తగారు తింటారు కాబట్టి అది మాత్రం దండిగా పడింది. ఆ రోజు పంది మాంసం ఉడికించి కొత్త కిమ్చితో తినడం వీళ్ల ఆనవాయితీ, దాన్ని కూతురింట్లో వండమని పంపేసింది. ఇంత ఆలోచించిన మనిషికి నేనేం చెప్పను, ఆ కృతజ్ఞత చెప్పడానికి నా కొరియన్ సరిపోలేదు.

ఇద్దరూ వెచ్చటి నేల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరి మాట ఒకరికి రాదు. గుత్తి వంకాయలో కారం కూరినట్టు అత్తగారు రేకు రేకుకీ పట్టిస్తుంటే, హల్మోని ఆ చెయ్యి పట్టుకుని తిప్పి చూసి 'సొన్‌మత్' అంది. సొన్ అంటే చెయ్యి, మత్ అంటే రుచి. అత్తగారికి నేను అర్థం చెప్పేలోపే ఆవిడ ఒక లేత రేకు చుట్టి అత్తగారి నోట్లో పెట్టేసింది. అత్తగారు ఊరుకుంటారా, కాస్త వేడి అన్నం అడిగి తెప్పించి, మా కోసం విడిగా కలిపిన కారం బేసిన్‌కి అంటుకున్నదాంట్లో కలిపి, ముద్ద చేసి హల్మోని నోటికి అందించారు. జిగురన్నం కదా, ముద్ద చక్కగా కుదిరింది. ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లు, కారానికే అనుకుంటాను, నాకు మాత్రం కారం కాదు.

అత్తగారు ఊరెళ్లాక కూడా ఫోన్ చేసినప్పుడల్లా ఆ మామ్మగారు తిన్నారా అని అడుగుతారు. నేను కిందకెళ్లి అదే మాట కొరియన్‌లో అడిగి వస్తాను. నిన్న ఆవిడ చిలగడదుంపలు ఉడికించి పంపింది. డబ్బా కడిగి గట్టు మీద బోర్లించాను, మినప్పప్పు నానుతోంది, సాయంత్రం గారెలు వేసి పట్టుకెళ్లాలి.