'వితౌట్ యూ' ఎవరి పాట?

(హన్మకొండలోని ఒక స్టూడియోలో రికార్డ్ చేసిన చర్చ నుంచి కొంత భాగం. పాల్గొన్నవారు: ఒక గిటార్ మాస్టారు, రిటైరైన రేడియో అనౌన్సర్ ఒకరు, ఒక జానపద గాయకుడు.)

యాంకర్: మాస్టారూ, కవర్ సాంగ్ అంటే, అదే వేరేవాళ్ల పాటను మళ్లీ పాడడమంటే, మన దగ్గర కరోకే ట్రాక్ పెట్టి, ఖిలా వరంగల్ తోరణాల ముందు డ్రోన్ ఎగరేయడమే కదా?

మాస్టారు: (నవ్వు) ఎగరేయనివ్వండి, తోరణాలకు కొత్తేం కాదు. కానీ ఉన్న పాటను ఉన్నట్టు దించితే అది జిరాక్స్. నా దగ్గరికొచ్చే పిల్లలు 'సార్, మరయా కేరీ వితౌట్ యూ నేర్పండి' అంటారు, ఆ అమెరికన్ గాయని పాటే అనుకుని. కొంచెం వయసున్నవాళ్లు అమెరికన్ గాయకుడు హ్యారీ నిల్సన్ పాట అంటారు. ఇద్దరిదీ కాదు, వాళ్లు పాడినవి కవర్లే. బ్యాడ్‌ఫింగర్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్‌ది. పీట్ హామ్, టామ్ ఎవాన్స్ కలిసి రాశారు. 1970లో 'నో డైస్' ఆల్బమ్‌లో వచ్చింది.

అనౌన్సర్: నిల్సన్ మొదటిసారి విన్నప్పుడు అది బీటిల్స్ పాట అనుకున్నాడట. బ్యాడ్‌ఫింగర్ రికార్డులు వేసింది బీటిల్స్ వాళ్ల యాపిల్ కంపెనీయే కాబట్టి అలా అనుకోవడంలో వింతేం లేదు.

యాంకర్: మరి నిల్సన్ అంతగా ఏం మార్చాడు?

మాస్టారు: ఒక్క నిమిషం, ఏసీకి తీగలు శ్రుతి తప్పాయి. (శ్రుతి చేసుకుంటూ) ఒరిజినల్‌లో గిటార్లు ఉంటాయి, బ్యాండ్ అంతా కలిసి నడుస్తుంది. పల్లవి దగ్గర కూడా గొంతు అదుపులోనే ఉంటుంది, బాధను పళ్ల బిగువున పట్టుకున్నట్టు. నిల్సన్ పియానో ఒక్కదానితో మెల్లగా మొదలుపెట్టి, పల్లవికి వచ్చేసరికి గొంతు ఎత్తి వదిలేశాడు. రాగం అదే, మాటలు అవే. 1972లో అమెరికాలో, బ్రిటన్‌లో నంబర్ వన్. మరయా కేరీ 1994లో మళ్లీ బ్రిటన్‌లో నంబర్ వన్‌కి తీసుకెళ్లింది. నాకైతే నిల్సన్‌దే ఇష్టం. కేరీది మరీ అలంకారం ఎక్కువ.

గాయకుడు: నాకు ఒక డౌట్, సార్. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఎన్ని గుంపులుంటే అన్ని రకాలుగా పాడతారు. ఒక ఊరి ఉయ్యాల పాటకు ఇంకో ఊరివాళ్లు చరణం కలుపుతారు. ఎవరు రాశారని ఎవరూ అడగరు. మీరు మాత్రం రాసినవాళ్ల పేరు పోయిందని ఎందుకంత బాధపడుతున్నారు?

మాస్టారు: బతుకమ్మ పాటకు రాయల్టీ చెక్కు రాదు కదన్నా. ఈ పాటకు వచ్చింది. ఆ డబ్బు మేనేజ్‌మెంట్ గొడవల్లో, కోర్టు కేసుల్లో చిక్కుకుపోయింది. హామ్ 1975 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి 27 ఏళ్లు. నెల తర్వాత కూతురు పుట్టింది. ఎవాన్స్ కూడా 1983లో అలాగే పోయాడు.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

అనౌన్సర్: హామ్‌ని ఆ చావుతోనే గుర్తుపెట్టుకోవడం నాకు నచ్చదు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ జరిగింది. సితార్ రవిశంకర్ అడిగితే బీటిల్స్‌లోని జార్జ్ హారిసన్ పెట్టించిన కచేరీ. అందులో హారిసన్ 'హియర్ కమ్స్ ద సన్' పాడుతుంటే పక్కన నిలబడి అకూస్టిక్ గిటార్ వాయించింది పీట్ హామే. ఆ వీడియో చూడండి, ఎంత ఒద్దికగా నిలబడ్డాడో!

యాంకర్: అంటే మనవాళ్లు చాలామంది చూసే ఉంటారు, పేరు తెలియకుండా.

అనౌన్సర్: అవును. 'బ్రేకింగ్ బ్యాడ్' చివరి ఎపిసోడ్‌లో వచ్చే 'బేబీ బ్లూ' కూడా ఆయన రాసిందే. 2013లో ఆ సీరియల్ అయిపోగానే కుర్రాళ్లు ఈ పాట కోసం వెతికారు.

గాయకుడు: మాస్టారూ, ఆ 'వితౌట్ యూ' ఇద్దరు కలిసి రాశారన్నారు. ఎవరిది ఎంత?

మాస్టారు: అదే అసలు సంగతి. హామ్ దగ్గర చరణాలున్నాయి, వాటికి తగ్గ పల్లవి కుదరలేదు. ఎవాన్స్ దగ్గర పల్లవి ఉంది, చరణం లేదు. రెండు సగం పాటల్ని తెచ్చి కలిపారు. వినండి, ఇది హామ్‌ది... (వాయిస్తారు) ...ఇక్కడి నుంచి ఎవాన్స్‌ది.

గాయకుడు: (వేళ్లతో బల్ల మీద దరువు వేస్తూ) ఇంకోసారి వాయించండి, సార్. అతుకు ఎక్కడుందో నాకు దొరకలేదు.