అరకిలో ల్యాంప్ షేడుకు ఆరు కిలోల బిల్లు

నమస్కారం అండీ. ముందు ఈ పెట్టె చూడండి, కెమెరాకు దగ్గరగా పెడుతున్నా. ఎత్తితే ఖాళీ పెట్టెలాగే ఉంటుంది, ఊపితే చప్పుడు కూడా రాదు. లోపల నేను చేసిన ల్యాంప్ షేడు ఉంది. షేడు అరకిలో, పెట్టెతో కలిపితే 800 గ్రాములు. దీన్ని మా వీధి చివర కొరియర్ ఆఫీసుకు తీసుకెళ్తే, కౌంటర్‌లో ఉన్న అబ్బాయి కాటా వైపు కూడా చూడలేదు. టేపు తీసి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాడు. క్యాలిక్యులేటర్ నొక్కాడు. "ఆరు కేజీలు మేడమ్" అన్నాడు.

జోకేమో అనుకుని నవ్వాను. అతను నవ్వలేదు.

లెక్క ఇదండీ. పెట్టె 33 సెంటీమీటర్ల పొడవు, 33 వెడల్పు, 28 ఎత్తు. మూడూ గుణిస్తే 30,492. చాలా కొరియర్లు దీన్ని 5000తో భాగిస్తాయి. 6.1 వస్తుంది. అంటే బండిలో ఈ పెట్టె ఆక్రమించే చోటు ఆరు కిలోల సామానుతో సమానమట. అసలు బరువు, చోటు బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి బిల్లు. షేడంటే ఏముంది, చుట్టూ ఒక పొర, మధ్యలో అంతా గాలే కదా. తిరుపతి గాలిని బెంగళూరుకు పంపడానికి ఆ రోజు నేను డబ్బు కట్టాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పుత్తూరు నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసి అడిగింది. "అక్కా, రెండు రోజుల వర్క్‌షాపులో ల్యాంప్ షేడ్లు చేయడం నేర్చుకున్నా. చూసినవాళ్ళంతా బాగుందంటున్నారు. దీన్నే వ్యాపారంగా పెట్టుకోవచ్చా?" అని. పెట్టుకోవచ్చమ్మా. కాకపోతే బాగుందన్నవాళ్ళు కొంటారని మాత్రం అనుకోవద్దు. నా షేడ్లు బాగున్నాయని మా బంధువుల్లో కనీసం నలభై మంది అన్నారు. వాళ్ళలో కొన్నది ఒక్కరు, అదీ మా చిన్నమ్మ, అదీ అప్పు.

బట్ట దగ్గర మొదలుపెడతా. మనకు కలంకారీ పక్కనే ఉంది. శ్రీకాళహస్తి ఇక్కడికి నలభై కిలోమీటర్ల లోపే. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో అద్దుతారు, కాళహస్తిలో కలంతో చేత్తో గీస్తారు. వెదురు పుల్ల కొనకు ఉన్ని చుట్టి, దాన్ని రంగులో ముంచి, వేళ్ళతో కొద్దికొద్దిగా నొక్కుతూ గీత లాగుతారు. బట్టను ముందే కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. పాలలో ఉన్న వెన్న వల్ల రంగు పక్కలకు పాకదు. బెల్లం నీళ్ళలో ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చేదే ఆ నల్ల రంగు. ఇంత కష్టం ఉన్న బట్ట మీద లైటు వేస్తే ఎంత బాగుంటుందో అనుకుని, నేను కూడా సంబరంగా ఒక దుపట్టా కొని కత్తిరించేశాను.

లైటు వేశాక చూస్తే సగం బొమ్మ మాయం. బొమ్మల వెనక ఉన్న ముదురు రంగు నేలంతా మసి పట్టినట్టు ఒకే నలుపు. మంచి బట్టే, తప్పు నాది.

ఈ విషయం నాకు నిమ్మలకుంట వాళ్ళ పని చూశాక అర్థమైంది. ధర్మవరం దగ్గర ఊరది. తరతరాలుగా తోలుబొమ్మలాట ఆడిన కుటుంబాలు. ఆటలకు పిలిచేవాళ్ళు తగ్గాక అదే మేకతోలు మీద, అవే రంగులతో ల్యాంప్ షేడ్లు చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. తోలుబొమ్మ పుట్టిందే వెనక నుంచి దీపం పెట్టడానికి. తోలు పలచగా గీకుతారు, నగల దగ్గర చిన్న చిన్న చిల్లులు పెడతారు, అక్కడి నుంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా వస్తుంది. కలంకారీ అలా కాదు. అది ఎదురుగా పడే వెలుతురులో చూడడానికి గీసిన బొమ్మ. దాన్ని షేడుకు వాడాలంటే నేల తెల్లగానో లేత రంగులోనో వదలాలి, గీత నల్లగా ఉండాలి, రంగు కొంచెమే పడాలి. ఇప్పుడు నేను బట్ట కొనేటప్పుడు ఫోన్ టార్చ్ వెనక పెట్టి చూడందే డబ్బులు తీయను. షాపువాళ్ళు దొంగ నోటు చూస్తున్నానేమో అన్నట్టు చూస్తారు, చూడనీండి.

ఇంకో మాట. అచ్చు వేసిన బట్టతో షేడు చేస్తే అచ్చు బట్ట అనే చెప్పండి. చేత్తో గీసిన కలంకారీ అని అమ్మొద్దు. రోజంతా కూర్చుని గీసేవాళ్ళ కూలికి అది గండి. పైగా దొరికిపోతారు కూడా. ఒకే నెమలి, ఒకే వంకరతో, అంగుళం తేడా లేకుండా మూడుసార్లు వస్తే ఎవరికైనా తెలుస్తుంది.

సరే, మళ్ళీ ఆరు కిలోల దగ్గరికి వద్దాం. నేను మొదట చేసినవన్నీ డ్రమ్ షేడ్లు. పైనా కిందా ఒకే కొలత, అడ్డంగా 30 సెంటీమీటర్లు ఉండే రింగులు. చేయడం సులువు. 30ని 3.14తో గుణిస్తే చుట్టుకొలత 94.2, అతుక్కోవడానికి ఒకటిన్నర కలుపుకుని బట్టను దీర్ఘచతురస్రంగా కోసేయడమే. అందుకే వర్క్‌షాపుల్లో ఇదే నేర్పుతారు. కానీ డ్రమ్ములో డ్రమ్ము దూరదు. పది పంపాలంటే పది పెట్టెలు, పది గాలులు.

పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే షేడయితే ఒకదాని మీద ఒకటి బోర్లించొచ్చు, టీ కొట్లో కాగితం కప్పుల్లాగా. అయితే దాని బట్టను వంపుగా కోయాలి. అక్కడే అందరూ భయపడతారు. నేనూ భయపడ్డా, లెక్కల్లో మనం అంతంత మాత్రం. ఒక కొలత చెప్తా, రాసుకోండి. కింద రింగు 30, పై రింగు 20, పక్క ఏటవాలు పొడవు 20 సెంటీమీటర్లు. ఈ మూడూ ఇలాగే పెట్టుకుంటే లెక్క దానంతట అదే కుదురుతుంది. గోధుమరంగు అట్టల కాగితం పరిచి, మూలలో ఒక మేకు పెట్టి, దారం కట్టి, 60 సెంటీమీటర్ల దూరంలో ఒక వంపు, 40 దూరంలో ఇంకో వంపు గీయండి. సరిగ్గా వృత్తంలో నాలుగో వంతు, అంటే ఎల్ ఆకారంలో ఒక గీత నుంచి ఇంకో గీత దాకా. ఆ రెండు వంపుల మధ్య ఉన్న ముక్కే మీ షేడు. బయటి వంపు కొలిస్తే 94.2 వస్తుంది, కింద రింగు చుట్టుకొలత అంతే. అతుకు కోసం ఒక పక్క ఒకటిన్నర వదులుకోండి. నేను మొదటిసారి కొలిచి, సరిపోయిందని చూసి, మళ్ళీ కొలిచాను, నమ్మకం కుదరక.

ఈ కాగితం నమూనా తీసుకుని కాళహస్తి వెళ్ళాను. నాకు బట్ట గీసిచ్చే పెద్దాయన దాన్ని నేల మీద పరిచి ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. "ఏమ్మా, ఇది రవికె ముక్కా?" అన్నారు. విషయం చెప్పాక ఆయనే ఒక సంగతి పట్టారు. మామూలు బట్ట తెచ్చి వంపుగా కోస్తే అంచుల్లో ఉన్న బొమ్మలు పక్కకు వాలిపోతాయి, తాగినోళ్ళలాగా. అలా కాకుండా బొమ్మల పాదాలు బయటి వంపు మీద, తలలు మేకు వైపు ఉండేటట్టు గీస్తే, షేడు చుట్టాక అందరూ నిటారుగా నిలబడతారు. చింత బొగ్గుతో అప్పటికప్పుడు రెండు బొమ్మలు వేసి, కాగితాన్ని గుండ్రంగా పట్టుకుని చూపించారు. నా పనిలో డబ్బు కనిపించింది ఆ రోజే అనుకోండి. దుపట్టా కోస్తే ఎవరో ఒకరి తల తెగుతుంది. ఇలా గీయిస్తే గీసిన బొమ్మలో ఒక్క అంగుళం వృథా పోదు.

ఇప్పుడు పెట్టె లెక్క. ఏటవాలు షేడ్లు ఐదు బోర్లిస్తే మొత్తం ఎత్తు 32 సెంటీమీటర్ల దగ్గర వచ్చింది, ఎందుకంటే పై రింగు అడ్డం వల్ల ఒక్కోటి మూడు సెంటీమీటర్లు లేస్తుంది. పెట్టె 33, 33, 34. ఏడున్నర కిలోల లోపు బిల్లు. ఒక్క డ్రమ్ముకు ఆరు, ఐదు ఏటవాలు షేడ్లకు ఏడున్నర. ఇక నేను చెప్పాల్సిందేముంది.

ఒకటే కావాలన్న వాళ్ళకు విడివిడిగా పంపడం కూడా చేసి చూశా. బట్ట అతికించిన ప్లాస్టిక్ షీటును చుట్టగా చుట్టి, రింగులు అడుగున పెట్టి. రెండు కిలోల లోపే పడింది. ఇంట్లో మీరే బిగించుకోండని వీడియో కూడా పంపా. ఒకరు బ్రహ్మాండంగా బిగించారు, ఇంకొకరు బట్టను లోపలికి, ప్లాస్టిక్ షీటును బయటికి పెట్టి "కలర్ రాలేదు మేడమ్" అని ఫోటో పంపారు. అది ఇంకా తేలని వ్యవహారం.

అతికించడం గురించి రెండు ముక్కలు. మొదట తెల్ల గమ్ము, చార్టు పేపరు వాడాను. మే నెల తిరుపతి ఎండ మీకు తెలుసు కదా. దానికి లోపల బల్బు వేడి తోడైంది. వారంలో బట్ట అప్పడంలా పొంగి లేచింది. ఇప్పుడు వెనక గమ్ము ఉండే పీవీసీ ప్లాస్టిక్ షీటే వాడుతున్నా. మధ్య నుంచి అంచుకు అరచేత్తో రుద్దుకుంటూ వెళ్ళాలి, ఒకసారి పట్టుకుంటే ఊడదు. ఇక్కడ చూడండి, లైటు వేస్తున్నా. ఈ సన్న గీత బట్టలోది కాదు, నా వెంట్రుక. షీటుకూ బట్టకూ మధ్య చిక్కుకుంది. పగలు కనిపించదు, లైటు వేస్తే గోడకు పగులు వచ్చినట్టు ఉంటుంది. తిరుపతిలో వెంట్రుకలకు కొదవా చెప్పండి. అప్పటి నుంచి తలకు గుడ్డ కట్టుకున్నాకే పనిలో కూర్చుంటున్నా.

బల్బు మాత్రం నవ్వులాట కాదు. మా బంధువుల ఇంట్లో నా షేడుకు పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టారు. రాత్రికి వాసన, పొద్దునకు పై అంచున అరచేయంత గోధుమరంగు మచ్చ. ఇంకొంచెం ఉంటే అంటుకునేదే. అందుకే ఇప్పుడు ప్రతి షేడు లోపల చీటీ అంటిస్తున్నా, ఎల్ఈడీ మాత్రమే, 9 వాట్ల లోపు అని. చీటీ చదవరు కాబట్టి బల్బు కూడా నేనే ఇస్తున్నా. దానివల్ల ఇంకో లాభం ఉంది. మన ఇళ్ళలో తెల్ల లైటయితేనే వెలుతురని లెక్క, 6500 కెల్విన్ బల్బులే ఎక్కువ. కెల్విన్ అంటే వెలుతురు రంగు ఎలా ఉంటుందో చెప్పే అంకె. ఆ నీలిరంగు తెలుపులో కలంకారీ ఎరుపు పాత ఇటుకలా చచ్చిపోతుంది. 2700, 3000 కెల్విన్ పసుపు వెలుతురు బల్బు పెడితే అదే ఎరుపు కుంకుమలా లేస్తుంది. ఫ్రేము చేయించడానికి వెల్డింగ్ షాపుకు వెళ్ళేటప్పుడు మీ హోల్డరు చేత్తో పట్టుకెళ్ళండి. మన ఇళ్ళలో ఎక్కువగా పిన్ను హోల్డర్లే. బయట నుంచి తెప్పించిన రింగుల్లో రంధ్రం స్క్రూ హోల్డరుకు సరిపడా పెద్దదైతే మన హోల్డరు అందులోంచి జారిపడుతుంది. "అన్నా, దీనికి పట్టేట్టు చెయ్" అంటే ఐదు నిమిషాల పని.

ఎవరికి అమ్మాలి? తిరుపతి కదా, రోజూ వేలల్లో యాత్రికులు, ఇంక మనకేంటి అనుకున్నా నేను కూడా. ఒక ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టా. అందరూ ఆగారు, ముట్టుకున్నారు, సెల్ఫీలు తీసుకున్నారు. ఒక చేతిలో లడ్డూ సంచి, ఇంకో చేతిలో పిల్ల, భుజాన బ్యాగు, రైలుకు టైమవుతోంది. 30 సెంటీమీటర్ల గుండ్రటి వస్తువు ఎవరు మోస్తారు? తప్పు వాళ్ళది కాదు. నాకు ఆర్డర్లు వచ్చింది ఊళ్ళోవాళ్ళ నుంచే. గృహప్రవేశాలకు, ఒక కాఫీ షాపుకు, ఒక లాడ్జికి. ఆ లాడ్జికి పది షేడ్లు. రెండు దొంతరలు చేసి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళా. కొరియర్ లేదు, పెట్టె లేదు. డబ్బు మాత్రం మూడు వారాలు తిప్పించారు. అందుకే సగం అడ్వాన్సు చేతిలో పడకుండా బట్టకు ఆర్డరు చెప్పొద్దు, తెలిసినవాళ్ళయినా సరే.

ధర గురించి ఒక్కటే చెప్తా. బట్ట చేతికొచ్చాక ఒక్కో షేడుకు నాకు మూడు గంటలు పడుతుంది. "ఇంట్లో కూర్చునే కదా చేస్తున్నావు" అని మా అత్తమ్మ అంటారు. ఇంట్లో కూర్చుంటే గంట గంట కాకుండా పోతుందా? ఆ మూడు గంటల కూలి, పాడైన షేడ్ల ఖర్చు వేసుకున్నాకే లాభం మాట.

కాగితాల పని చిన్నదే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు, ఆధార్‌తో ఆన్‌లైన్లో ఉచితంగా చేసుకోవచ్చు, ఎవరికీ డబ్బులివ్వొద్దు. వస్తువులు అమ్మేవాళ్ళకు మన రాష్ట్రంలో జీఎస్టీ ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాటాకే. అయితే ఆన్‌లైన్ సైట్లలో అమ్మినా, వేరే రాష్ట్రాలకు పంపినా ఆ రూల్స్ వేరు, ఒకసారి అకౌంటెంట్‌ను కలవండి. చిన్న వ్యాపారాలకు లోన్లిచ్చే ముద్ర పథకంలో శిశు లోను 50,000 దాకా ఉంది. నేనైతే తీసుకోలేదు.

పుత్తూరు చెల్లెమ్మా, ముందు ఆరు చెయ్యి. అన్నీ ఒకే కొలత, 30, 20, 20. ఒకదాని మీద ఒకటి బోర్లించి, టేపుతో కొలిచి ఫోటో పంపు, రేటు తర్వాత మాట్లాడుకుందాం. నేను వచ్చే వారం కాళహస్తి వెళ్తున్నా. కొత్త బట్ట మీద ఏం వేయించాలో ఇంకా తేలలేదు. కొమ్మలు, ఆకులతో ఒక చెట్టు వేయిద్దామని నాకుంది, కొమ్మలు పై రింగు వైపు దగ్గరపడుతూ వెళ్తాయి కదా అని. పెద్దాయన మాత్రం నెమళ్ళే అంటున్నారు.