ఇస్త్రీ వేరు, బ్లాకింగ్ వేరు

నమస్కారం అండీ. "అల్లడం అయిపోయింది, ఇక ఒకసారి ఇస్త్రీ చేసేస్తే సరి." ఈ మాట వింటే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. నెలల తరబడి కూర్చుని అల్లిన ఊలు షాల్ మీద కాలే ఇస్త్రీ పెట్టె పెట్టి నొక్కుతారా? కుట్లన్నీ అణిగిపోయి, అల్లికకు ఉన్న ఆ బొద్దుతనం కాస్తా పోతుంది.

సూదులు పట్టుకోవడం, కుట్లు ఎక్కించడం మీకు తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. సూదుల మీంచి దిగిన తరవాత సంగతి చూద్దాం.

తలస్నానం చేసి, తడి ఆరకముందే జడ వేసుకుని పడుకున్నారనుకోండి. పొద్దున విప్పితే జుట్టంతా అలలు అలలుగా ఉంటుంది. ఎందుకంటే జుట్టు కెరాటిన్ అనే ప్రోటీన్. దాని అణువుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు నీళ్లు తగిలితే విడిపోతాయి, ఆరేటప్పుడు మళ్లీ కలుస్తాయి. ఏ వంపులో ఉండగా ఆరితే ఆ వంపు నిలుస్తుంది. గొర్రె ఊలు కూడా కెరాటినే. కాబట్టి ఊలును తడిపి, కావలసిన ఆకారంలో పరిచి, పూర్తిగా ఆరేదాకా కదపకుండా ఉంచితే అదే బ్లాకింగ్. నొక్కే పనే లేదు.

(స్క్రీన్ మీద: అప్పుడే సూదులు తీసిన లేస్ షాల్, బాగా దగ్గరగా)

చూడండి, యార్న్ ఓవర్‌తో, అంటే దారాన్ని సూది మీదుగా ఒక చుట్టు తిప్పి వేసిన రంధ్రాలన్నీ మూసుకుపోయాయి. ఆకుల డిజైన్ ఎక్కడుందో వెతుక్కోవాలి. దీన్ని గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు ఉంచండి. మొదట తేలుతుంది, అరచేత్తో మెల్లగా అదమండి. తీసేటప్పుడు ఒక కొస పట్టుకుని ఎత్తారంటే నీటి బరువుకి సాగిపోతుంది, రెండు చేతులతో ముద్దగా ఎత్తాలి. మెలిపెట్టి పిండొద్దు. టవల్ మీద పరిచి, టవల్‌తో పాటే చుట్టి, పైన ఎక్కి నిలబడండి. అవును, కాళ్లతోనే! తరవాత పరిచి, అంచు వెంట లాగుతూ పిన్నులు గుచ్చుతూ పోతే ఒక్కో రంధ్రం విచ్చుకోవడం కళ్లారా చూడొచ్చు. మొత్తం పనిలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే. ఆరకముందే పిన్నులు పీకేస్తే మాత్రం, తడి జడ విప్పేసినట్టే. అలలూ ఉండవు, ఏమీ ఉండవు.

జడతో పని ఇంకా అయిపోలేదు. మళ్లీ తలంటుకుంటే అలలు పోతాయి కదా? షాల్‌ని ఉతికినప్పుడల్లా మళ్లీ పిన్నులు పెట్టాల్సిందే. పార్లర్‌లో రసాయనాలతో తిప్పే రింగులు నిలుస్తాయంటే, అవి జుట్టులోని గంధకపు బంధాలనే మారుస్తాయి. నీళ్లకు అంత శక్తి లేదు.

ఇంకోటి. వెంట్రుక మీదా, ఊలు పోగు మీదా సన్నని పొలుసులుంటాయి. ఊలును వేడి నీళ్లలో సబ్బు వేసి రుద్దితే ఆ పోగులు ఒకదానిలో ఒకటి దూరి చిక్కుపడతాయి. జుట్టు చిక్కు దువ్వెనతో వస్తుంది, ఈ చిక్కు రాదు. దీన్నే ఫెల్టింగ్ అంటారు. పెద్దవాళ్ల స్వెటర్ పిల్లల సైజుకి దిగిపోతుంది. మెషీన్‌లో ఉతకడానికి వీలుగా తయారుచేసే సూపర్‌వాష్ ఊలుకి ఆ పొలుసులను అరగదీసో, పైన పూత పూసో ఉంటారు కనుక అది చిక్కుపడదు. కానీ తడిస్తే తెగ సాగుతుంది, జాగ్రత్త.

మరి అక్రిలిక్? అది విగ్గు. ప్లాస్టిక్ జుట్టుని తడిపి జడ వేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. దాని ఆకారం మారాలంటే ఆవిరి కావాలి. ఇస్త్రీ పెట్టెను తాకించకుండా పైపైన పట్టుకుని ఆవిరి మాత్రమే తగలనివ్వండి. ఎక్కువైతే పోగు మెత్తబడి వేలాడిపోతుంది, ఇక వెనక్కి రాదు. అల్లేవాళ్లు దీన్ని కిల్లింగ్ అంటారు. జారుడుగా ఉండాలని కొందరు కావాలనే చేస్తారు, అది వాళ్లిష్టం.

స్టాకినెట్ అంటే ఒకవైపు నున్నగా, రెండోవైపు గరుకుగా వచ్చే అల్లిక. దాని అంచు ముడుచుకుపోవడం బ్లాకింగ్‌తో శాశ్వతంగా పోతుందంటే నమ్మకండి. ఆ కుట్టు తీరే అంత. అంచుకి ముందే గార్టర్ కుట్లు (రెండువైపులా ఒకేలా ఉండేవి) వేసుకుని ఉండాల్సింది.

అయ్యో, టైమ్ అయిపోతోంది, నేత సంగతి గబగబా చెప్పేస్తాను. మగ్గం మీద పడుగు బిగుతుగా లాగి ఉంటుంది. కోసి దించాక ఆ బిగువు పోతుంది. నీళ్లలో పడ్డాకే పడుగూ పేకా ఒకదాని చుట్టూ ఒకటి వంగి సర్దుకుంటాయి, గుడ్డ చిక్కబడుతుంది. పొడవూ వెడల్పూ రెండూ తగ్గుతాయి, ఆ తరుగును పడుగు వేసేటప్పుడే కలుపుకోండి. ఉతికే ముందు కుచ్చులు ముడివేయండి, లేదా హెమ్‌స్టిచ్ (అంచు దారాలను సూదితో గుంపులుగా కట్టే కుట్టు) చేయండి. లేకపోతే చివర్లో పేక ఊడొస్తుంది.

దారం కొసలకు ముళ్లు వేయకండి, ఎప్పుడో ఒకప్పుడు ముందు వైపుకి పొడుచుకొస్తాయి. సూదితో వెనకవైపు దూర్చి, దిశ మార్చి మళ్లీ దూర్చండి. మిగిలిన తోక మాత్రం ఉతికి ఆరాకే కత్తిరించాలి, ముందే కత్తిరిస్తే గుడ్డ సాగినప్పుడు కొస బయటికి జారిపోతుంది. నేతకీ ఇదే పద్ధతి. స్వెటర్ ముక్కలను విడివిడిగా బ్లాక్ చేసి, అప్పుడు కలిపి కుట్టండి. బటన్లు అన్నిటికన్నా ఆఖరు. ఆరిన కాజా ఎంతుందో చూసుకున్నాకే బటన్ సైజు తేల్చుకోండి.